కాళ్ళ కింద కాలే జీపు: సైలెన్సర్ వేడికి ఏ మందు ముందు, ఏది తర్వాత

వైశాఖం ఎండల్లో సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతున్నాం. ముందు సీట్లో ఉన్న మా అమ్మ రెండు కాళ్ళూ పైకి లాక్కుని మఠం వేసుకుంది. ఏమైందమ్మా అంటే, "కింద పెనం పెట్టావేంట్రా నాన్నా" అంది. పొట్టంగిలో టీకి ఆగినప్పుడు ఆవిడ చెప్పు తిప్పి చూశాను. అడుగు రబ్బరు మెత్తబడిపోయి, ఫ్లోరు రేకు మీద ఉన్న గీతలు దాని మీద అచ్చుపడి ఉన్నాయి.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా. జయపురం, సునాబెడ, సిమిలిగుడ, అటు రాయగడ, గుణుపురం, ఎక్కడ చూసినా మన తెలుగువాళ్ళలో పాత జీపు మీద ప్రాణం పెట్టేవాళ్ళు కనిపిస్తారు. దేవ్‌మాలి కొండ ఎక్కాలన్నా, వానాకాలంలో వాగు దాటి చుట్టాలింటికి వెళ్ళాలన్నా అదే నమ్మకం. ఇంజిన్ మార్చి, టర్బో పెట్టి, లావు సైలెన్సర్ పైపు వేయించి, బాడీ లేపి తయారు చేసుకున్న బళ్ళలో చాలావాటికి ఒకటే జబ్బు. లోపల కూర్చున్నవాళ్ళకి కాళ్ళు కాలతాయి, గేరు రాడ్డు పట్టుకుంటే చురుక్కుమంటుంది, ఏసీ ఉన్నా చల్లబడదు.

ఈ జబ్బుకి మార్కెట్లో మందులు చాలా ఉన్నాయి. రెండేళ్ళలో వాటిలో సగానికి పైగా నేనే వేసి చూశాను. మన కొండదారికి, మన వానకి మొదటి వరసలో నిలిచేవి రెండే అని నా నమ్మకం. ఒకటి, ఫ్లోరు కింద గాలి ఖాళీ వదిలి బిగించిన రేకు. రెండోది, ఫ్లోరులో ఉన్న కన్నాలు మూయడం. అందరూ ముందుగా కొనే ర్యాప్ చుట్ట (పైపు చుట్టూ చుట్టే ఫైబర్‌గ్లాస్ పట్టీ) మాత్రం నా లెక్కలో చివరన ఉంటుంది. ఎందుకో వివరంగా చెప్తాను.

ఏదీ కొనకముందు లీకు చూడండి

మా చిన్నాడికి ప్రతి ట్రిప్పులో తలనొప్పి వచ్చేది, ఒక్కోసారి వాంతి కూడా అయ్యేది. ఘాటీ మలుపుల వల్లే అనుకుని నిమ్మకాయ చేతికిచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. వేడి సంగతి చూద్దామని బండి కింద దూరిన రోజు, టర్బో తర్వాత పైపు జాయింటు దగ్గర ప్యాకింగ్ తినేసి, చుట్టూ మసి వేలెడు మందాన పట్టి కనిపించింది. ఆ పొగ నేరుగా గేరు రాడ్డు బూటు (దాని అడుగున ఉండే రబ్బరు తొడుగు) పక్కనుంచి లోపలికి వస్తోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. డీజిల్ పొగలో పెట్రోల్ పొగ కంటే తక్కువే ఉంటుంది కానీ అసలు లేకపోదు. ఏసీ వేసి అద్దాలు ఎత్తేసిన క్యాబిన్‌లో కొద్దిగా చేరినా తలనొప్పి, మత్తు, వికారం వస్తాయి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. క్యాబిన్‌లో వేడితో పాటు కళ్ళ మంట, తలనొప్పి కూడా ఉంటే అది లీకు అయ్యుండొచ్చని ముందుగా అనుమానించండి. లీకు ఉన్న పైపుకి రేకు వేసినా, ర్యాప్ చుట్టినా జబ్బుని కప్పిపెట్టడమే అవుతుంది.

చూసుకోవడం కష్టం కాదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జాయింట్ల మీద, వెల్డింగుల మీద సబ్బునీళ్ళు పోసి స్టార్ట్ చేయించండి. ఒకరు తడి గోనెసంచి మడతతో వెనక పైపు మూతి రెండు మూడు సెకన్లు మూస్తే, లీకు ఉన్నచోట బుడగలొస్తాయి, లేదా చుస్సుమని చప్పుడు వినిపిస్తుంది. మసి మరకలు ఎలాగూ దారి చూపిస్తాయి. పైపు చివర బాడీ దాటి బయటికి వచ్చిందో లేదో కూడా చూడండి. చాలా మోడిఫైడ్ బళ్ళలో రాళ్ళకి తగలకుండా పైపుని బాడీ కిందే కోసేస్తారు. అలాంటి బండికి వెనక టార్పాలిన్ తెరిచి నడిపితే పొగ చుట్టు తిరిగి లోపలికే వస్తుంది.

వేడి ఏ దారిన వస్తోంది

భోగిమంట ముందు నిలబడితే మొహం మండుతుంది, వీపు చల్లగా ఉంటుంది. మధ్యలోంచి ఒక మనిషి నడిచి వెళ్తే ఆ క్షణం మొహానికి వేడి ఆగిపోతుంది. పైపు నుంచి ఫ్లోరుకి వచ్చే వేడిలో పెద్ద వాటా అలాంటిదే. ముట్టుకోకుండానే కాలుస్తుంది, మధ్యలో అడ్డం పెడితే ఆగుతుంది. రెండో దారి వేడి గాలి. ఇంజిన్ గదిలో, గేర్‌బాక్స్ పక్కన చేరిన గాలి ఏ కన్నం దొరికితే ఆ కన్నంలోంచి క్యాబిన్‌లోకి ఎగదన్నుతుంది. మూడోది రేకు పట్టుకుని పాకే వేడి, చారు గిన్నెలో వదిలేసిన స్టీలు గరిట కాడ కాలినట్టు.

డీజిల్ ఇంజిన్ బరువు లాగుతున్నప్పుడు పొగ 600 నుంచి 700 డిగ్రీల వేడితో బయటికి రావచ్చు. పెట్రోల్ ఇంజిన్‌లో 800 దాటుతుంది. చదును రోడ్డు మీద 70, 80లో వెళ్తుంటే కింద గాలి కొట్టి కొంత లాక్కుపోతుంది. ఘాటీలో రెండో గేరులో పాకుతున్నప్పుడు ఇంజిన్ పూర్తి బలంతో కాలుతుంటుంది, కింద గాలి కదలదు. సముద్రమట్టానికి కాస్త పైనున్న సాలూరు నుంచి 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌కి రావడమంటే ఆ పరిస్థితి గంటల తరబడి. అందుకే విశాఖలో బాగున్న బండి ఇక్కడ పెనమైపోతుంది. బండి ఆపిన కొద్ది నిమిషాలకి లోపల వేడి ఇంకా పెరగడం కూడా మామూలే, గాలి ఆగిపోయింది కదా.

నేను చేసిన పరీక్ష ఇది. తెల్ల కొవ్వొత్తి తీసుకుని, మ్యాట్ ఎత్తి, ఫ్లోరు రేకు మీద జానెడుకో గీత గీశాను. మైనం 55, 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఘాటీ ఎక్కి దిగి చూస్తే ఎడమవైపు, సరిగ్గా అమ్మ కాళ్ళు పెట్టే చోట నాలుగు గీతలు కరిగి చెదిరిపోయాయి, మిగతావి గీసినట్టే ఉన్నాయి. కింద చూస్తే పైపు అక్కడే రెండు వేళ్ళ దూరంలో పోతోంది. తర్వాత అగరుబత్తి వెలిగించి గేరు రాడ్డు బూటు, పెడళ్ళు, స్టీరింగ్ రాడ్డు, వైర్లు దూరే చోట్ల పట్టుకున్నాను, ఇంజిన్ ఆన్‌లో, బానెట్ మూసి. పొగ చెదిరి లోపలికి వంగిన ప్రతిచోటా ఒక కన్నం ఉంది. డీజిల్ వాసన, పెట్రోల్ వాసన వచ్చే బండిలో ఈ పరీక్ష మాత్రం చేయకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే వాడొచ్చు కానీ మెరిసే రేకు మీద అది తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి.

ఇంకొక మాట. హీటర్ ఉన్న బండి అయితే, హీటర్‌కి వేడినీళ్ళు వెళ్ళే వాల్వ్ సరిగ్గా మూసుకోకపోయినా క్యాబిన్ ఉడికిపోతుంది. దానికి సైలెన్సర్‌ని తిట్టుకుని లాభం లేదు. ఇంజిన్ చల్లారాక హీటర్‌కి నీళ్ళు వెళ్ళే పైపు, తిరిగొచ్చే పైపు రెండూ ఒకదానికొకటి కలిపి హీటర్‌ని తప్పించి ఒక రోజు నడిపితే తేలిపోతుంది.

రేకు: నా మొదటి ఓటు

సునాబెడ హెచ్ఏఎల్‌లో విమాన ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన మా బాబాయిని అడిగాను. ఆయన కింద దూరి చూసి ఒకటే చెప్పారు: "రేకు వెయ్యి. కానీ అది పైపుకీ తగలకూడదు, ఫ్లోరుకీ తగలకూడదురా." రహస్యమంతా ఆ ఖాళీలోనే ఉంది. పైపు వేడికి రేకు కాలుతుంది, రేకుకీ ఫ్లోరుకీ మధ్య నడిచే గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఫ్లోరుకి అంటించేస్తే రేకు కాలిన వేడి అలాగే ఫ్లోరులోకి దిగుతుంది.

మేం వేసింది ఒక మిల్లీమీటరు మందం స్టీలు రేకు. పైపు లావుకి మూడింతల వెడల్పు, పొడవు కాళ్ళ చోటుకి ముందూ వెనకా జానెడు చొప్పున ఎక్కువ, అంచులు గొడుగులా కిందికి వంచి. ఫ్లోరుకి 20 మిల్లీమీటర్ల దూరంలో, స్టీలు గొట్టం ముక్కలు మధ్యలో పెట్టి ఆరు బోల్టులతో బిగించాం. ముందూ వెనకా మూయలేదు, గాలి పోవాలి కదా. డ్రిల్లు పెట్టే ముందు పైన, కింద వైర్లు, బ్రేకు పైపులు, డీజిల్ పైపు ఎటు పోతున్నాయో వేలు పెట్టి తడిమి చూసుకోండి.

అల్యూమినియం రేకు ఇంకా మంచిదే. తేలిక, తుప్పు లేదు, వేడిని బాగా వెనక్కి కొడుతుంది. కానీ 660 డిగ్రీలకి కరిగే లోహం కాబట్టి మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ మొదట బయటికి వచ్చే గొట్టం), టర్బో పక్కన వద్దు, ఫ్లోరు కింద చాలు. ఇళ్ళ మీద వేసే జీఐ రేకు ముక్క చవగ్గా దొరుకుతుంది, మేస్త్రీ కూడా అదే తెస్తానంటాడు. బాగా కాలే చోట దాని జింకు పూత పాడైపోతుంది. దాన్ని వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చినవాళ్ళకి జ్వరం వస్తుంది. ఆ నాలుగు డబ్బుల దగ్గర ఆదా చేయొద్దు.

రేకుని ఫ్లోరుకి కాకుండా క్లిప్పులతో పైపుకే బిగించే రకం కూడా ఉంది. ఫ్లోరుకి కన్నాలు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి అది పనికొస్తుంది. కానీ పైపుతో పాటు అదరడం వల్ల ఏడాది తిరక్కుండా గలగలలాడుతుంది.

రేకుకి ఉన్న అసలు ప్రమాదం ఆకులు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి మన గుగ్గిలం అడవుల్లో దారంతా ఎండుటాకు పరిచి ఉంటుంది. రేకుకీ పైపుకీ మధ్య గుప్పెడు ఇరుక్కుంటే అంటుకోడానికి ఎంతోసేపు పట్టదు. ముందు అంచు నోరు తెరిచి ఆకుల్ని ఎత్తుకునేలా ఉండకూడదు. అడవి దారిలో ఆగిన ప్రతిసారీ వంగి ఒక చూపు చూడండి. ఎత్తు గడ్డిలో బండి నిలపకండి. బురద అంటిన రేకు మెరుపు పోయి వేడిని పీల్చుకుంటుంది కాబట్టి బండి కడిగినప్పుడల్లా కిందనుంచి నీళ్ళ పైపు పెట్టి దాన్నీ కడగండి.

రేకు వేశాక మళ్ళీ అదే ఘాటీ, అదే మైనం గీతలు. పొట్టంగిలో ఆగి మ్యాట్ ఎత్తి చూస్తే నాలుగు గీతలూ గీసినట్టే ఉన్నాయి. అమ్మ కాళ్ళు కిందే పెట్టుకుని కూర్చుంది.

కన్నాలు మూయడం

ఇది అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది. గేరు రాడ్డుకి, ఫోర్‌వీల్ రాడ్డుకి చిరిగిన బూట్లు మార్చండి. వైర్లు దూరే కన్నాలకి రబ్బరు బుషింగులు పెట్టండి. ఇంజిన్ మార్చినప్పుడు పాత కన్నాలు అలాగే వదిలేస్తారు, వాటి మీద రేకు ముక్క వేసి అంచులకి వేడి తట్టుకునే సిలికాన్ రాయండి. మాకు ఒక సాయంత్రం పట్టింది. గేరు రాడ్డు చురుకు దీంతోనే పోయింది. దుమ్ము కూడా తగ్గింది, అది నేను అనుకోని లాభం.

ర్యాప్: మనకి ఎందుకు సరిపడదు

మొదట నేను కొన్నది ఇదే. ఫైబర్‌గ్లాస్ పట్టీ తడిపి, పైపు చుట్టూ పావుభాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి, స్టీలు టైలతో బిగించాను. మొదటి నెల అద్భుతం. పైపు పైవేడి బాగా తగ్గింది, నేనే పదిమందికి చెప్పాను. మామూలు ఫైబర్‌గ్లాస్ సుమారు 550 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, బసాల్ట్ రకం ఇంకా పైకి. వస్తువులో లోపం లేదు.

లోపం మన దారుల్లో ఉంది. కొరాపుట్‌లో ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. జులైలో ప్రతి వారం ఏదో ఒక వాగు దాటాల్సిందే. ర్యాప్ నీళ్ళు తాగి గంటల తరబడి తడిగానే ఉంటుంది, పైగా వేడి. మామూలు ఇనప పైపుకి అంతకంటే తుప్పు పట్టించే పద్ధతి ఇంకొకటి లేదు. దసరాకి ముందు విప్పితే పైపు మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా చేతికొచ్చింది, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే ఒకచోట కన్నం పడింది. ఇంజిన్ ఆయిలో డీజిలో కారి ర్యాప్ పీల్చుకుంటే అది వత్తి అవుతుంది, అంటుకుంటుంది. పోత ఇనుము మేనిఫోల్డ్‌కి చుడితే వేడి లోపలే నిలిచి పగుళ్ళు రావచ్చు.

పైపు స్టెయిన్‌లెస్ అయి, బండి నీళ్ళలో దిగనిదైతే, టర్బో నుంచి కిందికి దిగే ఒకటిన్నర అడుగు ముక్కకి మాత్రం చుట్టుకోండి. ఏడాదికోసారి విప్పి చూడండి. చుట్టేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి, ఆ నూగు చర్మానికి అంటితే రెండు రోజులు దురద.

పాతకాలం మేస్త్రీలు కొందరు ఇప్పటికీ తెల్ల ఆస్బెస్టాస్ తాడు తెచ్చి చుడతామంటారు. వాళ్ళ మీద నాకు గౌరవమే, వాళ్ళు నేర్చుకున్న రోజుల్లో అదే పద్ధతి. కానీ ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. చుట్టేవాడికి, తర్వాత విప్పేవాడికి, లోపల కూర్చున్న మన పిల్లలకి అందరికీ ప్రమాదమే. "వద్దు మేస్త్రీ గారూ" అని మెల్లగా, గట్టిగా చెప్పండి.

లోపల వేసే మ్యాట్లు

యాక్సెసరీ షాపులో వెండి కాగితం అంటించిన నల్ల షీటు చూపించి ఇది వేడి ఆపుతుందంటారు. అది బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు. రేకు అదురు, చప్పుడు తగ్గించడానికి చేసింది. చవక రకాల్లో తారు ఉంటుంది, ఫ్లోరు కాలితే మెత్తబడి వాసన కొడుతుంది. ఆ వెండి కాగితం కూడా రెండు పొరల మధ్య ఇరుక్కుంటే వేడిని వెనక్కి కొట్టలేదు, దాని ముందు ఖాళీ ఉంటేనే పనిచేస్తుంది.

వేడికి కావాల్సింది మూసిన గదుల (క్లోజ్డ్ సెల్) ఫోమ్, నైట్రైల్ రబ్బరు రకం. నీళ్ళు పీల్చదు, వంద డిగ్రీల దాకా ఫర్వాలేదు. కింద రేకు వేసి, కన్నాలు మూసి, ఇంకా కొంచెం మిగిలితే దీన్ని వేయండి. అంటించకుండా పరిచి పైన రబ్బరు మ్యాట్ వేస్తే వాగు దాటాక తీసి ఎండబెట్టుకోవచ్చు. కింద కారణం అలాగే ఉంచి పైన పరుపులు పేరిస్తే ఫ్లోరు ఇంకా ఎక్కువ కాలుతుంది, మధ్యలో తడి చేరి తుప్పు పడుతుంది.

పైపు దారి మార్చడం, సిరామిక్ పూత

పైపు ఫ్లోరుకి నాలుగు వేళ్ళ కంటే దగ్గరగా ఉంటే, పైగా పైపు ఎలాగూ మార్చాల్సిన వయసులో ఉంటే, దారి మార్చడమే శాశ్వత వైద్యం. బ్రేకు పైపులకి, డీజిల్ ట్యాంకుకి, చక్రాలకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి దూరంగా, రాళ్ళకి తగలనంత పైన, ఫ్లోరుకి ఆననంత కింద. ఇవన్నీ కలిసే దారి జీపు కింద సన్నగా ఉంటుంది, ఓపికున్న వెల్డరు కావాలి. ముక్కలు కోసి అతికే బదులు బెండింగ్ మెషీన్ ఉన్నచోట వంచించండి, ఇంజిన్ అదురుకి ఒక ఫ్లెక్సిబుల్ పైపు పెట్టించండి. సైలెన్సర్ తీసేయడం మాత్రం చట్టం ఒప్పుకోదు. ఇంజిన్ మార్పు లాంటివి కూడా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతితో, ఆర్సీలో ఎక్కించుకునే చేయాలి.

సిరామిక్ పూత నీళ్ళకి చెడదు, ర్యాప్ చేసే పనిలో చాలా భాగం చేస్తుంది. పైపు, మేనిఫోల్డ్ విప్పి పెద్ద ఊరికి పంపాలి, బండి రోజుల తరబడి నిలబడిపోతుంది, ఖర్చు అన్నిటికంటే ఎక్కువ. పైపు కొత్తగా చేయిస్తున్నప్పుడు బిగించకముందే వేయించుకుంటే న్యాయం. ఉన్న బండికి విప్పి మరీ వేయించమని నేను చెప్పను. టర్బోకి తొడిగే కోటు బానెట్ కింద వేడి తగ్గిస్తుంది, కాళ్ళ దగ్గర తేడా నాకు పెద్దగా తెలియలేదు.

మీ బండికి ఏది

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ అయితే, కంపెనీ వేసిన రేకులు అన్నీ ఉన్నాయో లేదో ముందు చూడండి. గలగలమంటున్నాయని, బాడీ లేపే లిఫ్ట్ వేసేటప్పుడు కొందరు తీసి పారేస్తారు. ఆ బళ్ళలో మసి ఫిల్టర్ తనని తాను కాల్చుకుని శుభ్రపరచుకునేటప్పుడు 600 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. ఆ రేకులు మళ్ళీ వేయిస్తే చాలావరకు వేరే ఖర్చు ఉండదు. పెట్రోల్ జిప్సీ లాంటి దానికి స్టీలు రేకే, రెండు పొరలుగా, మధ్యలో మళ్ళీ ఖాళీతో. సిరొంచ, చంద్రపూర్ వైపు మైదానంలో తిరిగే మనవాళ్ళకి ఎండాకాలం బయటిగాలే 45 దాటుతుంది కాబట్టి కన్నాలు మూయడం, పైకప్పుకి లోపల ఫోమ్ వేయడం కూడా రేకుతో సమానంగా ముఖ్యం. మాలాగా ఘాటీలు, వాగులు ఉన్నవాళ్ళు లీకు, రేకు, కన్నాలు వరసగా చేయండి, ఆ తర్వాత మళ్ళీ మైనం గీతలు గీసి చూడండి. కరగకపోతే అక్కడితో ఆపేయండి.

రేకు బిగించిన మొదటి ఘాటీ ట్రిప్పు తర్వాత బోల్టులన్నీ ఒకసారి బిగించుకోవాలి, వేడికి సాగి వదులవుతాయి. మాకు ఆరింటిలో రెండు వదులయ్యాయి.